దానియేలు పళ్లెం, మన పళ్లెం

యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లిన యువకుల్లో నలుగురి వృత్తాంతం దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో కనిపిస్తుంది. రాజైన నెబుకద్నెజరు తాను తినే భోజనంలోనుంచి, తాను తాగే ద్రాక్షారసంలోనుంచి వారికి ప్రతిదినం భాగం నియమించాడు. చెరలో ఉన్నవారికి అంతకంటే గొప్ప గౌరవం ఏముంటుంది? అయినా దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా ఆ పళ్లెం వద్దన్నారు. శాకధాన్యాలు, నీళ్లు చాలన్నారు.

సండేస్కూలు రోజుల నుంచి మనం ఈ కథ వింటూనే ఉన్నాం. అయితే దానియేలు ఆ కోరికను ఎలా అడిగాడన్నది అంతగా గమనించం. అందులో మూడు సంగతులున్నాయి. మొదటిది మనస్సాక్షి. తనను తాను అపవిత్రపరచుకోకూడదని అతడు ముందే హృదయంలో నిశ్చయించుకున్నాడు. రెండోది వినయం. అధికారిని ధిక్కరించలేదు, పక్కవారి పళ్లేన్ని తప్పుపట్టలేదు, మర్యాదగా బతిమాలాడు. మూడోది పరీక్ష. పది దినాలు చూడండి, మా ముఖాలను మిగిలినవారి ముఖాలతో పోల్చండి, మీకు కనబడినదాన్ని బట్టి నిర్ణయించండి అన్నాడు. విశ్వాసి అయినవాడు తన భోజనాన్ని పరీక్షకు పెట్టడానికి భయపడలేదు.

మన కాలంలో మన సంఘాల ముందుకు వస్తున్న ఒక ప్రశ్నకు ఈ మూడు మాటలూ దారి చూపిస్తాయని మేము నమ్ముతున్నాం.

ఇంట్లో వినిపించే మూడు మాటలు

శాకాహారం మనకు తెలిసిందే. వీగన్ అనే మాట మాత్రం మన ఊళ్లకు కొత్త. మాంసం, చేపలు, గుడ్లతోపాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసేవారిని వీగన్లు అంటారు. 1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు కలిసి వీగన్ సొసైటీని స్థాపించినప్పుడు ఈ మాట పుట్టింది. జీవాలను బాధపెట్టి, వాడుకొని సంపాదించే వస్తువులను తమకు వీలైనంత మేరకు విడిచిపెట్టడం వీరి ఉద్దేశం. తోలు చెప్పులు, పట్టుచీరలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి ఊళ్లలోని సంఘాలకు ఈ మాట ఎక్కువగా పిల్లల ద్వారానే వస్తోంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో చదువుకుంటూ, ఉద్యోగం చేస్తూ పండక్కి ఇంటికొచ్చిన అబ్బాయి క్రిస్మస్ బిర్యానీ వద్దంటాడు. పోనీ పెరుగన్నం తినమంటే అదీ వద్దంటాడు. తల్లి కంగారుపడుతుంది: "మరి ఏం తిని బతుకుతావురా?" మేనమామ ఎగతాళి చేస్తాడు: "నువ్వేమన్నా అగ్రహారంలో పుట్టావా?" సంఘపెద్ద అనుమానపడతాడు: "ఇది వాక్యానుసారమేనా, లేక మనం వదిలివచ్చిన ఆచారాలకు తిరిగి వెళ్లడమా?"

ఈ మూడు మాటల్లో ఏదీ తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. తల్లి మాటలో బిడ్డ ఆరోగ్యం గురించిన భయం ఉంది. మేనమామ మాట వెనుక తరాల అవమానం ఉంది. పెద్దాయన మాటలో సంఘాన్ని కాపాడాలన్న జాగ్రత్త ఉంది. వీగన్ ఆహారం గురించి మాట్లాడే క్రైస్తవుడు ఈ ముగ్గురికీ జవాబు చెప్పగలగాలి.

పెద్దాయన ప్రశ్న: వాక్యం ఏమంటోంది?

ఆదికాండము 1:29-30లో దేవుడు మనుష్యులకూ జంతువులకూ ఆహారంగా ఇచ్చినవి మొక్కలు, పండ్లు, గింజలు. ఏదెనులో రక్తం చిందలేదు. జలప్రళయం తరువాత, ఆదికాండము 9:3లో, మాంసం తినడానికి అనుమతి వచ్చింది. మన ప్రభువు అయిదు రొట్టెలతోపాటు రెండు చేపలను ఆశీర్వదించి పంచాడు. పునరుత్థానుడైన తరువాత శిష్యుల ఎదుట కాల్చిన చేప తిన్నాడని లూకా 24వ అధ్యాయం సాక్ష్యమిస్తోంది. తిబెరియ సముద్రతీరాన శిష్యులకు చేపలు, రొట్టె ఆయనే సిద్ధం చేశాడు. దేవుడు పవిత్రపరచినదాన్ని నిషిద్ధమనవద్దని పేతురుకు యొప్పేలో దర్శనం కలిగింది. కొన్ని ఆహారాలు తినకూడదని ఆజ్ఞాపించే బోధకుల విషయంలో జాగ్రత్త పడమని 1 తిమోతి 4వ అధ్యాయం హెచ్చరిస్తోంది.

కాబట్టి మాంసం తినడం పాపమని లేఖనం చెప్పడం లేదు. అలా బోధించేవారెవరైనా వాక్యాన్ని దాటి వెళుతున్నారు. ఇందులో మాకు సందేహం లేదు.

అయితే తినవచ్చునన్న అనుమతిని, ఎలా పెంచినా ఎలా చంపినా పరవాలేదన్న అనుమతిగా మార్చుకోకూడదు. అదే బైబిలు మరో సంగతిని కూడా అంతే స్పష్టంగా చెబుతోంది. నీతిమంతుడు తన పశువుల ప్రాణం పట్ల శ్రద్ధ చూపుతాడని సామెతలు 12:10. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టవద్దని ద్వితీయోపదేశకాండము 25:4. గూటిలో పిల్లలతో ఉన్న తల్లిపిట్టను పట్టుకోవద్దని అదే గ్రంథం 22వ అధ్యాయం. మేకపిల్లను దాని తల్లిపాలలో వండవద్దని నిర్గమకాండము 23:19. విశ్రాంతి దినం ఎద్దుకూ గాడిదకూ కూడా వర్తిస్తుంది. నీనెవె పట్టణాన్ని కనికరించడానికి కారణం చెబుతూ దేవుడు అక్కడి పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. పాపంలో పడిన దావీదును కదిలించడానికి నాతాను ప్రవక్త ఎన్నుకున్న ఉపమానం, ఒక పేదవాడు కూతురిలా పెంచుకున్న గొఱ్ఱెపిల్లది. అమ్మకంలో విలువలేని పిచ్చుక కూడా తండ్రి జ్ఞాపకంలో ఉందని ప్రభువు చెప్పాడు.

ఇప్పుడు మన కాలపు షెడ్లవైపు చూద్దాం. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. గుడ్ల కోసం కోళ్లను ఎక్కువగా ఇనుప తీగల గూళ్లలో పెంచుతారు. అందులో ఒక్కో కోడికి దక్కే చోటు ఒక ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్క చాపడానికి, మట్టి గీరడానికి, గుడ్డు పెట్టే చోటు వెదుక్కోవడానికి అక్కడ వీలులేదు. గుడ్లు పెట్టే జాతుల్లో పుట్టిన మగపిల్లలు పనికిరావని వాటిని పుట్టిన రోజే చంపేస్తారు. మాంసం కోళ్లు ఆరు వారాలకే కోతకు వస్తాయి. ఈ గూళ్ల సంగతిని పరిశీలించిన భారత న్యాయ కమిషన్ 2017 జూలైలో తన 269వ నివేదికలో కోళ్ల పెంపకానికి మెరుగైన నిబంధనలు కావాలని సిఫారసు చేసింది.

పాల మాటేమిటి? గేదె ఈనితేనే పాలు. ఈనినవాటిలో సుమారు సగం దున్నదూడలు. ట్రాక్టరు వచ్చాక వాటితో పని లేకుండా పోయింది. తల్లి పొదుగు దగ్గర వాటి వంతు పాలు వాటికి దక్కక చాలాచోట్ల అవి బక్కచిక్కి చనిపోతాయి, లేదా సంతకు చేరతాయి. పాలు చేపడానికి గేదెకు హాని చేసే ఇంజెక్షన్లు ఇవ్వడాన్ని జంతుహింస నివారణ చట్టం, 1960, 12వ సెక్షను నిషేధించింది. చట్టంలో ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే ఆ పని ఎంత మామూలైపోయిందో ఊహించవచ్చు.

ఇవి చూసి ఒక విశ్వాసి మనస్సాక్షి గుచ్చుకుంటే, అది అన్యాచారం అనడానికి వీల్లేదు. మన ప్రొటెస్టెంటు పితరుల్లోనే ఇలాంటి మనస్సాక్షి ఉన్నవారు ఎందరో ఉన్నారు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ కొన్నేళ్లపాటు మాంసం మానినవాడు. రోమా 8:19-22 ఆధారంగా 1781లో వెలువరించిన ప్రసంగంలో, మూలుగుతున్న సృష్టిలో జంతువులు కూడా ఉన్నాయని, వాటికీ విడుదల ఉందని ఆయన వాదించాడు. 1824లో లండనులో జంతుహింస నివారణ సంఘాన్ని స్థాపించినది ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ పాదిరి. బానిస వ్యాపారంపై పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ ఆ సంఘానికి తోడుగా నిలిచాడు. సంఘం అప్పులు తీర్చలేక బ్రూమ్ జైలుకు కూడా వెళ్లాడు.

బాపట్లవారికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. సాల్వేషన్ ఆర్మీ పేరు అక్కడ తెలియనివారుండరు. ఎవాంజలిన్ బూత్ పేరున ఉన్న కుష్ఠు ఆసుపత్రి, ఒకప్పుడు వారి నిర్వహణలో నడిచిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు వారి సేవకు గుర్తులు. ఆ ఎవాంజలిన్‌కు అన్న అయిన బ్రామ్‌వెల్ బూత్ 1912 నుంచి 1929 వరకు ఆ సంస్థకు జనరల్. ఆయన శాకాహారి. ఆరోగ్యం కోసమూ, జంతువులు పడే బాధ తగ్గడం కోసమూ ఇతరులను కూడా ఆ మార్గానికి పిలుస్తూ రాసినవాడు. 1882లో బొంబాయిలో దిగి ఈ సేవను మన దేశంలో ప్రారంభించిన ఫ్రెడరిక్ టక్కర్ తన పేరును ఫకీర్ సింగ్‌గా మార్చుకొని, కాషాయం కట్టి, పేదలు తినే తిండి తిన్నాడు. వీరెవరూ అగ్రహారపు ఆచారం కోసం అలా చేయలేదు. వీరిని నడిపించింది సువార్తే.

మేనమామ మాట: ఎవరి పళ్లెం పైది?

సంఘంలో వీగన్ ఆహారం గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన సంఘాల్లో చాలా కుటుంబాలు దళితవాడల నుంచి వచ్చినవి. ఏం తింటారన్నదాన్ని బట్టి వారిని తరతరాలుగా ఊరిబయట ఉంచారు. పెద్దకూర తిన్నారని బావి దగ్గరికి రానివ్వలేదు. చచ్చిన పశువును వారిచేతే ఎత్తించి, దాని తోలుతో వారిచేతే చెప్పులు కుట్టించి, ఆ చేతులనే అపవిత్రమన్నారు. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యరు మొదలుకొని, బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీవారు తెచ్చిన సువార్తలో మన పెద్దలు విన్న గొప్ప మాట ఇది: ప్రభువు బల్ల దగ్గర ఎవరి పళ్లెమూ అంటరానిది కాదు. కొర్నేలీ ఇంట్లో పేతురు భోజనానికి కూర్చోవడం వారికి సిద్ధాంతంగా వినిపించలేదు. అందులో వారికి వినిపించింది విడుదల.

అందుచేత, మాంసం మానిన యువకుడు "నేను పవిత్రుణ్ణి, మీరు కారు" అన్న ధ్వనితో మాట్లాడితే పాత గాయం మళ్లీ రేగుతుంది. అతని ఉద్దేశం జీవకారుణ్యమే కావచ్చు. వినేవారికి మాత్రం అది కులం మాటగానే వినబడుతుంది. రోమా 14వ అధ్యాయంలో పౌలు రెండు వైపులా గీత గీశాడు. తినేవాడు తిననివానిని తృణీకరించకూడదు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదు. ఇద్దరినీ చేర్చుకున్నవాడు దేవుడే. ఈ సూత్రం ప్రకారం వీగన్ అబ్బాయి మేనమామ పళ్లెం గురించి వ్యాఖ్యానించకూడదు. మేనమామ కూడా అగ్రహారం మాట ఎత్తకూడదు.

జీవనోపాధి గురించి కూడా ఆలోచించాలి. తెనాలి దగ్గర వడ్లమూడిలోని సంగం డెయిరీకి పాలు పోసే ఇళ్లలో, ఒక్క గేదె మీద పిల్లల చదువు నడిపే ఒంటరి తల్లులున్నారు. నిజాంపట్నం హార్బరులో వల లాగేవారు, రేపల్లె వైపు రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్లేవారు ఆదివారం మనతోపాటే బెంచీ మీద కూర్చుంటారు. మన ప్రభువు మొదట పిలిచినవారు జాలరులు. వారి పొట్ట కొట్టే మాటలా మన బోధ వినబడితే అందులో కనికరం సగమే ఉన్నట్టు. గేదెకు కడుపునిండా మేత పెట్టి, దూడకు దాని వంతు పాలు విడిచి, నిషిద్ధమైన ఇంజెక్షను జోలికి పోని తల్లి సామెతలు 12:10ని పాటిస్తున్నట్టే. ఆమెకు వీగన్ అనే మాట తెలియనవసరం లేదు.

మరో జాగ్రత్త. ప్రభుత్వ బడిలో, అంగన్‌వాడీలో పేదపిల్లలకు ఇచ్చే గుడ్డును తీసేయమని మన పేరుతో ఎవరూ అడగకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో స్త్రీలలో, పసిపిల్లలలో సగానికి మించి రక్తహీనత ఉంది. తిండికి ఎంపిక ఉన్నవాడు తన పళ్లెంలోనిది మానుకోవచ్చు. ఎంపిక లేని బిడ్డ పళ్లెంలో చేయి పెట్టడం త్యాగమనిపించుకోదు.

తల్లి భయం: ఏం తిని బతుకుతాడు?

దానియేలు పది దినాల పరీక్ష అడిగాడు. మన కాలంలో శాస్త్రజ్ఞులు అలాంటి పరీక్షను పెద్ద ఎత్తున చేశారు. అందులో ఒకటి సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘస్థుల మీద జరిగింది. ఆ సంఘం పందొమ్మిదో శతాబ్దం నుంచి శాకాహారాన్ని ప్రోత్సహిస్తోంది. మన నూజివీడులోని గిఫర్డు మెమోరియల్ ఆసుపత్రి వారిదే. అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయం 2002 నుంచి అమెరికా, కెనడాల్లో సుమారు 96,000 మంది అడ్వెంటిస్టులను ఎంపిక చేసుకొని వారి ఆహారాన్ని, ఆరోగ్యాన్ని నమోదు చేస్తూ వచ్చింది. వారిలో 73,308 మంది వివరాలతో 2013లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు ఆరేళ్ల కాలంలో మాంసాహారులకంటే శాకాహారుల్లో మరణాల రేటు 12 శాతం తక్కువగా కనబడింది. శాకాహారుల లెక్కలో వీగన్లు కూడా ఉన్నారు. వీరిలో చాలామంది పొగతాగరు, మద్యం ముట్టరు. అందువల్ల ఆ తేడా మొత్తం ఆహారం వల్లనే వచ్చిందని గట్టిగా చెప్పలేం. అయినా మాంసం లేకపోతే మనిషి నీరసించిపోతాడన్న భయానికి ఇది మంచి జవాబు.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు దాదాపు 55,000 మందిని ఇంచుమించు 18 ఏళ్లు పరిశీలించి 2020లో ప్రకటించిన ఫలితాల్లో, మాంసాహారులకంటే వీగన్లకు ఎముకలు విరిగే ప్రమాదం 43 శాతం ఎక్కువని తేలింది. బరువు తక్కువగా ఉండటం, కాల్షియం, ప్రొటీను చాలకపోవడం ఇందుకు కొంతవరకు కారణాలు. అంటే పాలు మానినవారు ఆ పోషకాలను మరోచోట వెదుక్కోవాలి. లేకపోతే ఎముకలు సాక్ష్యం చెబుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది విటమిన్ బి12. దీన్ని తయారు చేసేవి సూక్ష్మజీవులు. మనకు అది మాంసం, చేపలు, గుడ్లు, పాల ద్వారా అందుతుంది. మొక్కల నుంచి నమ్మదగినంతగా దొరకదు. ఇది లోపిస్తే రక్తహీనత, కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, మతిమరపు వస్తాయి. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు. తల్లికి లోపం ఉంటే పాలు తాగే బిడ్డకూ ప్రమాదమే. కాబట్టి వీగన్లు బి12 మాత్ర వేసుకొని తీరాలి. పెద్దలకు రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి 2000 మైక్రోగ్రాములు అని వీగన్ సొసైటీయే చెబుతోంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది కనుక వారు రక్తపరీక్ష చేయించుకోవాలి.

దేవుడు ఏదెనులో మొక్కలే ఇచ్చాడు కదా, విశ్వాసం ఉంటే మాత్ర ఎందుకని అడిగేవారున్నారు. మనం ఇప్పుడు ఏదెనులో లేము. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థనతోపాటు వైద్యం కూడా చెప్పాడు. పౌలుతో ప్రయాణించిన లూకా వైద్యుడు. మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. దేవుడిచ్చిన దేహాన్ని నిర్లక్ష్యం చేసి దానికి విశ్వాసమని పేరు పెట్టడమే ప్రమాదం.

గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం. అమెరికాలోని ఆహార నిపుణుల సంస్థ 2016లో, సరిగా ప్రణాళిక వేసుకుంటే వీగన్ ఆహారం అన్ని వయసులవారికీ సరిపోతుందని చెప్పింది. 2025లో అదే సంస్థ వెలువరించిన కొత్త పత్రం గర్భిణులు, బాలింతలు కాని పెద్దలకే పరిమితమైంది. కాబట్టి వీరి విషయంలో డాక్టరును, పోషకాహార నిపుణులను అడగకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు కూడా అంతే.

మన మాగాణుల్లో ఉన్నదే

వీగన్ ఆహారం అంటే బాదంపాలు, విదేశీ డబ్బాలు, ఖరీదైన పదార్థాలు అనుకోనక్కరలేదు. ఈ మాట కృష్ణా డెల్టావారికి బాగా అర్థమవుతుంది. వరి కోతకు ముందే తడి మీద మినుము, పెసర చల్లి, మంచుకు పండించుకోవడం తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణుల్లో పాత అలవాటు. వేరు బుడిపెల ద్వారా ఆ పైరు నేలకు నత్రజని కూడా ఇస్తుంది. పల్లాకు తెగులు దెబ్బతీశాక చాలామంది రైతులు మొక్కజొన్నకు మారారు. మన దేశంలో పండే మొక్కజొన్నలో పెద్దభాగం కోళ్లకు, పశువులకు దాణాగా వెళుతుంది. మనిషి నేరుగా తినే పప్పు పండిన నేలలో ఇప్పుడు కోడి ద్వారా మనిషికి చేరే గింజ పండుతోంది. తెగులును తట్టుకునే మినుము రకాలను గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం విడుదల చేస్తూనే ఉంది.

ప్రొటీను లెక్క చూద్దాం. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల ప్రొటీను కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించినట్టు రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు తింటే దాదాపు 20 గ్రాములు వస్తాయి. పావుకిలో బియ్యంలో 18 నుంచి 20 గ్రాములు, గుప్పెడు వేరుశనగ పప్పులో 7, 8 గ్రాములు ఉంటాయి. కూరగాయలు, ఆకుకూరలు కలిస్తే లెక్క సరిపోతుంది. కానీ 85 గ్రాముల పప్పు అంటే పలుచని చారు కాదు. రెండు పూటలా చిక్కటి పప్పు, మధ్యలో ఉడికించిన శనగలో పెసర మొలకలో ఉండాలి. చాలా ఇళ్లలో కొరత ఇక్కడే ఉంది. మాంసం ఉన్న రోజున కూడా కూర రెండు ముక్కలు, అన్నం కుంచెడు.

కాల్షియానికి రాగులు, మునగాకు ఉన్నాయి. రెండింటిలోనూ 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. నువ్వుల్లో అంతకు మూడింతలు. రాగి సంకటి, నువ్వుండలు, మునగాకు పప్పు మన అమ్మమ్మలకు తెలిసినవే. ఇనుము కోసం ఆకుకూరలు, ఉలవలు, శనగలు తిని, వాటి మీద నిమ్మకాయ పిండుకుంటే ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. అయొడిన్ ఉప్పు మానవద్దు. అవిసె గింజల పొడి అన్నంలో కలుపుకోవచ్చు. విటమిన్ డి కోసం కాస్త ఎండ పట్టాలి.

ఇంకొక హెచ్చరిక. చిప్సు, కూల్‌డ్రింకు, పచ్చడి మెతుకులు కూడా వీగన్ తిండే. కానీ వాటితో ఆరోగ్యం రాదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వెలువడిన వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. బాపట్ల పరిశోధన స్థానం 1986లో అందించిన సాంబ మసూరి బియ్యం రుచికి పెట్టింది పేరు. రుచిగా ఉందని గిన్నెడు తినడం శాకాహారికైనా మాంసాహారికైనా చేటే. అన్నం తగ్గి, పప్పు, కూర పెరగాలి.

సంఘం చేయగలిగినది

మన సంఘాల్లో లెంటు దినాల్లో మాంసం మానేవారు ఇప్పటికే ఎందరో ఉన్నారు. ఇథియోపియా ఆర్థడాక్సు క్రైస్తవులు సంవత్సరంలో దాదాపు సగం రోజులు మాంసం, గుడ్లు, పాలు లేకుండా ఉపవాసం ఆచరిస్తారు. కనుక ఇది సంఘ చరిత్రకు పరాయి సంగతి కాదు. మానడానికి మనస్సున్నవారు ఆ నలభై దినాల్లోనే దీన్ని పరీక్షించి చూడవచ్చు. ముందూ వెనుకా బరువు, హిమోగ్లోబిన్, షుగరు, బి12 చూపించుకుంటే దానియేలు చేసిన పోలిక వంటిదే మనమూ చేసినట్టవుతుంది. నలభై దినాల్లో బి12 లోపం బయటపడకపోవచ్చు. శరీరంలో దాని నిల్వలు కొన్నేళ్లు ఉంటాయి. కొనసాగించేవారు ఏడాదికోసారైనా పరీక్ష చేయించుకోవాలి, మాత్ర మానకూడదు.

ప్రేమవిందుల్లో మాంసం గిన్నె పక్కన మనసుపెట్టి వండిన మరో గిన్నె పెట్టండి. నూనెతో చేసిన కూరగాయల బిర్యానీ, గుత్తివంకాయ, ముద్దపప్పు, గోంగూర ఉంటే ఎవరికీ లోటు కనిపించదు. ఆ గిన్నెకు వేరే పంక్తి వద్దు, వేరే బల్ల వద్దు. అందరూ కలిసి కూర్చుని ఎవరికి కావలసింది వారు వడ్డించుకోవాలి. మన మధ్య పంక్తి భేదం మళ్లీ రాకూడదు. ప్రేమ ఉన్నచోట ఆకుకూరల భోజనం, పగతో పెట్టే కొవ్విన ఎద్దు మాంసంకంటే మేలని సామెతలు 15:17 చెబుతున్న సంగతి రెండు గిన్నెలకూ వర్తిస్తుంది.

పాస్టరుగార్లు యవ్వనస్థుల కూడికలో ఈ సంగతి మాట్లాడటానికి సంకోచించనవసరం లేదు. మాంసం మానినవారు ఎక్కువ భక్తిపరులని చెప్పవద్దు. మానినవారు దారి తప్పారనీ చెప్పవద్దు. పశువులను, కోళ్లను పెంచేవారుంటే వాటికి నీడ, నీరు, మేత, చోటు ఇవ్వడం విశ్వాస సంబంధమైన విషయమని బోధించండి. పూర్తిగా మానలేనివారు వారంలో కొన్ని రోజులైనా తగ్గించుకోవడం కూడా కనికరమే.

ఇంట్లో తల్లులకు ఒక మాట. అమ్మా, నీ బిడ్డ పెరుగు వద్దన్నాడని బాధపడకు. వాడికి పప్పు గట్టిగా వండిపెట్టు, మాత్ర వేసుకుంటున్నాడో లేదో అడుగు. పిల్లలకూ ఒక మాట. అమ్మ తన చేతులతో వండినదాన్ని తోసివేసేటప్పుడు మాట మెత్తగా ఉండనివ్వండి. దానియేలు రాజు అధికారితో మాట్లాడిన మర్యాద మీ తల్లిదండ్రులకు అంతకంటే ఎక్కువగా దక్కాలి.

తోడేలు గొఱ్ఱెపిల్ల దగ్గర నివసించే దినాన్ని యెషయా 11వ అధ్యాయం మన ముందు ఉంచింది. దేవుని పరిశుద్ధ పర్వతం మీద హాని ఉండని ఆ దినం మన వంటగది వల్ల వచ్చేది కాదు. దాన్ని తెచ్చేవాడు ప్రభువే. అయితే ఆయన రాకడ కోసం కనిపెట్టేవారు ఆ రాజ్యపు స్వభావాన్ని ఇప్పుడే కొంచెం కొంచెంగా నేర్చుకోవచ్చు. మన పళ్లెంలో ఏమున్నా దానిలో జీవాల పట్ల కనికరం, పొరుగువాని పట్ల గౌరవం, దేహం పట్ల బాధ్యత ఉండునట్లు ప్రభువు మనకు వివేకం, కృప అనుగ్రహించును గాక. ఆమేన్.